నాదైతే గాచారం, నీదైతే తప్పు

ఈసారి ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్ మొదటి రోజు, జవాబు పేపర్ల బండిళ్ళు విప్పకముందే మా చీఫ్ ఎగ్జామినర్ గారు ఒక పని చేశారు. ఒకే జవాబును జిరాక్సు తీయించి మా టేబుల్ మీది ఆరుగురికీ తలా ఒకటి పంచారు. సెకండియర్ సివిక్స్, రాష్ట్రపతి అధికారాలు, 10 మార్కుల ప్రశ్న. పక్కవాళ్ళది చూడకుండా మార్కు వేసి కాగితం బోర్లా పెట్టమన్నారు. ఐదు నిమిషాలయ్యాక అందరం తిప్పితే 4, 5, 5, 6, 6, 8. నాలుగు వేసిన సార్‌కు ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఎనిమిది వేసింది నేను.

అందరం నవ్వాం. "మేడం ఒక్కరే జిల్లా పర్సెంటేజీ పెంచేటట్టున్నరు" అన్నారెవరో. చీఫ్ మాత్రం నవ్వలేదు. "అయిదారు నడుమ ఉండుండ్రి" అని బండిళ్ళు పంచేశారు. పొద్దున 15, మధ్యాహ్నం 15, రోజుకు 30 పేపర్లు. పని మొదలుపెట్టాక నా నవ్వు పోయింది. ఒక్క ప్రశ్నకు నాలుగు మార్కుల తేడా. నూటికి 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు. పిల్లవాడి పేపరు ఏ టేబుల్ మీద ఎవరి ముందు పడుతుందన్న దానికి మా ఊళ్ళో ఒకటే మాట ఉంది: గాచారం. గ్రహచారం మా నోళ్ళలో నలిగి నలిగి అట్లా అయింది.

టీ దగ్గర ఈ ముచ్చట చెప్తే ఫిజిక్స్ సార్‌కు పండగైంది. ఆయన ఇరవై ఏళ్ళుగా నాతో ఏదో ఒక వాదన పెట్టుకోకుండా టీ తాగిన మనిషి కాదు.

"ఎనిమిది మీరు వేసిండ్రని అనుకుంటున్నరు మేడం. మీరు వెయ్యలే. మీ మెదడు ముందే వేసింది. మీకు తర్వాత ఎరుకైంది. సైన్సు ఎప్పుడో తేల్చింది."

"అట్లయితే రెమ్యునరేషన్ గూడ మెదడుకే ఇయ్యమనుండ్రి" అన్నాను. అక్కడికి అందరూ నవ్వి లేచారు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రాత్రి ఇంట్లో చపాతీలు చేస్తూ కూడా ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. ఆ వాదనే ఇది. ముందే చెప్తున్నా, ఆయన సగం రైటే అని ఒప్పుకోవాల్సి వస్తుంది.

మత్తడి మీది నీళ్ళు

సార్ చెప్పేది మెదడు మీద పరిశోధన చేసిన బెంజమిన్ లిబెట్ 1983లో అచ్చు వేసిన ప్రయోగం గురించి. కుర్చీలో మనిషిని కూచోబెట్టి, తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు మణికట్టు కదుపు అన్నారు. ఎదురుగా ఒక గడియారం, దాని మీద 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరిగే చుక్క. కదపాలని నీకు మొదట అనిపించినప్పుడు చుక్క ఎక్కడుందో చెప్పాలి. లెక్క తీస్తే, అనిపించడం కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. మెదడులో తయారీ మాత్రం 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. అంటే "నేను" అనే వాడు వచ్చేటప్పటికే పని సగం నడిచింది.

వినగానే గుండె జల్లుమంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తయారీ అనేది నిజంగా నిర్ణయమేనా? 2012లో ఆరన్ షర్గర్, ఆయన తోటివాళ్ళు ఇంకో లెక్క చెప్పారు. అది నాకు అర్థమైంది మా ఊరి చెరువు మత్తడి, అంటే నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు, గుర్తొచ్చాక. చెరువు నిండా నీళ్ళున్నాయి, మత్తడికి బెత్తెడు కిందుగా. గాలికి నీళ్ళు ఊరికే లేస్తుంటాయి, పడుతుంటాయి. ఎప్పుడో ఒక అల కొంచెం పెద్దదై మత్తడి దాటి దుంకుతుంది. ఇప్పుడు మీరు దుంకిన సందర్భాలను మాత్రమే ఏరి, ప్రతి దాంట్లో అంతకు ముందు అర నిమిషం నీళ్ళ మట్టం చూసి, సగటు తీయండి. ప్రతిసారీ దుంకడానికి ముందు నీళ్ళు మెల్లగా పెరిగినట్టే కనబడుతుంది. చెరువు ముందే నిర్ణయించుకుందని ఎవరూ అనరు. దుంకని అలలను మనం లెక్కలోకి తీసుకోలేదు, అంతే. మెదడులోని అలజడి కూడా ఇటువంటిదే కావచ్చునని, కదపడానికి ఏ కారణమూ లేనప్పుడు ఆ అలజడే గీత దాటిస్తుందని వాళ్ళ వాదం.

ఇది చెప్తే ఫిజిక్స్ సార్ రెండో రోజే మాట మార్చారు. "సరే మేడం, అర సెకను ఇడిచిపెట్టుండ్రి. మీరు ఆ కుర్చీల కూసునుడు కూడ ఎవలో ఒకలు చెప్తేనే కద. దానికి ముందట ఇంకోటి, దానికి ముందట ఇంకోటి. మీ అవ్వ, మీ బాపు, మీ బడి, మీ తిండి. ఎక్కడ దూరింది మీ స్వేచ్ఛ?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఏ కారణమూ లేకుండా ఆకాశం నుంచి ఊడిపడే నిర్ణయం నాకు దొరకదు. దొరికినా దాంతో నేనేం చేసుకోను? కారణం లేకుండా ఎనిమిది వేసే ఎగ్జామినర్ స్వేచ్ఛగా ఉన్నట్టా, పిచ్చిదైనట్టా? నాకు కావాల్సింది అంతకంటే చిన్నది. నన్ను నడిపే కారణాల్లో నిన్న నేను విన్న మాట, నేను తెలుసుకున్న తప్పు, నేను పెట్టుకున్న నియమం కూడా ఉండాలి. అవి ఉన్నాయి. మార్కు వేసే ఆ అర నిమిషంలో నా చేతిలో ఏమీ లేదని సార్ అంటే ఒప్పేసుకుంటాను. ఆ అర నిమిషం ఎట్లా ఉండాలో ముందు రోజు సర్దుకునే వీలు మాత్రం నాకుంది. స్వేచ్ఛ అని నేనంటున్నది దాన్నే. అది అందరికీ ఒక్క తీరుగా లేదు అనేది నా అసలు గొడవ.

ఎర్రకళ్ళు

పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను వరంగల్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉన్నాను. ఫిబ్రవరి, మొదటి పీరియడు నాదే. కిటికీ పక్క బెంచీలో ఒక పిల్లగాడు రోజూ తల వాల్చేవాడు. లేపితే కళ్ళు నిప్పుల్లా ఎర్రగా ఉండేవి. ముక్కు చీదుతూ ఉండేవాడు. ఏ గల్లీ నుంచి వస్తాడో నాకు తెలుసు, అక్కడ కల్లు దుకాణం ఉందనీ తెలుసు. ఇంకేం కావాలి? మూడో రోజు అరవై మంది ముందర అడిగేశాను, "రాత్రి తాగింది ఇంకా దిగలేదా?" అని. క్లాసంతా నవ్వింది. వాడు లేచి నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు.

వారం తర్వాత నోట్సులు దిద్దుతుంటే వాడిది వచ్చింది. తెరవగానే నాకు తుమ్ములు. ఒకటి కాదు, వరుసగా. పేజీల అంచుల్లో సన్నటి ఎర్రటి పొడి ఇరుక్కుని ఉంది, కుట్టు దగ్గర ఇంకా ఎక్కువ. వేలితో తీసి వాసన చూడాల్సిన పని కూడా లేకపోయింది. స్టాఫ్‌రూముకు పిలిపించాను. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు దించుతున్నాడు, మేనమామతో కలిసి. సీజన్లో బండ్లు రాత్రంతా వస్తూనే ఉంటాయి. పొద్దున జెండా పాట, అంటే వేలం, మొదలయ్యేలోపు బస్తాలన్నీ లాటు పెట్టాలి. అక్కడి నుంచి నేరుగా కాలేజీకి.

"మొఖం కడుక్కొనన్న రావద్దారా?"

"కడుక్కుంట మేడం. చేతుల మంట పోదు. మర్సిపోయి కండ్లు నలుసుకుంట."

అదే వారంలో నేను రెండు రోజులు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. కాజీపేట బ్రిడ్జి మీద జామ్. ప్రిన్సిపాల్‌కు అదే చెప్పాను, ఆయన తలూపారు. నా ఆలస్యానికి బ్రిడ్జి కారణం. వాడి కునుకుకు మాత్రం వాడి బుద్ధి కారణం.

దీనికి సైకాలజీలో 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని ఒక పేరుంది, 1977లో లీ రాస్ పెట్టాడు. ఎదుటివాడి పనికి వాడి స్వభావాన్నే కారణంగా చూసి, వాడున్న పరిస్థితిని లెక్కలోంచి తీసేయడం. దానికి పదేళ్ళ ముందే, 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు క్యూబా నాయకుడు కాస్ట్రో మీద వ్యాసాలు చదివించి చూశారు. ఇటు రాయాలా అటు రాయాలా అనేది రాసినవాడి ఇష్టం కాదు, వాడికి చెప్పి రాయించారు అని తెలిసిన తర్వాత కూడా, చదివినవాళ్ళు అది వాడి సొంత అభిప్రాయమే అన్న వైపే మొగ్గారు. పరిస్థితి ఏమిటో విప్పి చెప్పినా కళ్ళు దాన్ని దాటిపోయాయి.

ఇక్కడ మనవాళ్ళు సంతోషపడే మాట ఒకటుంది. జోన్ మిల్లర్ అనే ఆమె 1984లో అమెరికా వాళ్ళనూ మన మైసూరు వాళ్ళనూ పోల్చి చూసింది. అమెరికాలో పిల్లలు పెద్దయ్యేకొద్దీ మనుషుల పనులకు స్వభావాన్ని ఎక్కువగా కారణం చూపారు. మైసూరులో పెద్దయ్యేకొద్దీ పరిస్థితులను ఎక్కువగా చూపారు. చిన్నపిల్లల్లో ఆ తేడా అంతగా లేదు. అంటే ఇది పుట్టుకతో వచ్చేది కాదు, ఊరు నేర్పేది.

మొదట చదివినప్పుడు నాకూ గర్వంగానే అనిపించింది. తర్వాత ఆ పిల్లగాడు గుర్తొచ్చాడు. నేను ఈ ఊరిదాన్నే కదా, మరి నాకెవరు నేర్పారు? నా అనుమానం ఏమిటంటే, మన దగ్గర రెండు సిద్ధాంతాలూ సిద్ధంగా ఉంటాయి, మనిషిని బట్టి తీస్తాం. మన ఇంటివాడు చెడితే "వాని గాచారం గిట్ల కాలింది". అవతలివాడు చెడితే "చేసుకున్నోనికి చేసుకున్నంత మహాదేవ". రెండూ మన మాటలే, రెండూ మన కర్మ సిద్ధాంతంలోంచి వచ్చినవే. ఒకటి జాలి కోసం వాడతాం, ఇంకోటి తీర్పు కోసం. ఎవరికి ఏది అనేది కులం, గల్లీ, చుట్టరికం చూసుకుని వాడతాం. విధి ఉందా లేదా అని మన పెద్దలు వాదించుకున్న దాంట్లో వందో వంతు కూడా, అది ఎవరి మీద ఎప్పుడు వాడుతున్నామని వాదించుకున్నట్టు లేదు.

స్కెచ్ పెన్ను గీతలు

"పేపరు మీద పేరుండదు కదా, ఇంకేం పక్షపాతం?" అంటారు మా చీఫ్. నిజమే, పేరు లేదు. బార్‌కోడు మాత్రమే. కానీ తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా కనబడుతుంది. చేతిరాత కనబడుతుంది. హెడ్డింగుల కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు, మార్జిన్ వదిలిన తీరు, ప్రతి పాయింటుకూ ఒక నంబరు చూస్తే, ఎక్కడ ఫీజు కట్టి చదివాడో కూడా తెలిసిపోతుంది. ఆ రోజు జిరాక్సులో నేను ఎనిమిది వేసిన జవాబుకు రెండేసి గీతలున్నాయి. నలుపు తెలుపు జిరాక్సు అయినా గీతలు గీతలే.

1920లో థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకు వేసిన మార్కులు చూశాడు. శరీరం, తెలివి, నాయకత్వం, నడవడి అని వేర్వేరుగా వేయమంటే, ఒకదాంట్లో ఎక్కువ వచ్చినవాడికి అన్నింట్లోనూ ఎక్కువే. అంత దగ్గరగా కలిసి నడవడం అసాధ్యం అన్నాడు. ఒక మంచి గుణం మనిషి చుట్టూ దేవుడి పటంలో వెలుగులా తిరిగి మిగతావన్నీ మెరిపిస్తుందని దానికి 'హేలో' అని పేరు పెట్టాడు.

డేనియల్ కానెమన్ అనే ఇంకో సైకాలజిస్టు తానే పేపర్లు దిద్దిన కథ చెప్పుకున్నాడు. ఒక విద్యార్థి మొదటి జవాబుకు వేసిన మార్కు రెండో జవాబును మింగేస్తోందని గమనించి, పద్ధతి మార్చాడు. అందరి మొదటి ప్రశ్న దిద్దాక, అందరి రెండో ప్రశ్న. మొదటిదానికి వేసిన మార్కు కంటికి కనబడకుండా రాసుకోవడం. అప్పుడు తన మార్కుల మీద తనకే నమ్మకం తగ్గిందట. ఒకే పిల్లవాడికి ఒక దాంట్లో బాగా, ఇంకో దాంట్లో పాడుగా పడుతుంటే చిరాకేసిందట. అంతకుముందు ఉన్న నిబ్బరం ఉత్తదేనని అర్థమైంది. నిర్ణయం ఎట్లా జరగాలో ముందే సర్దుకునే స్వేచ్ఛ అని నేను పైన అన్నది ఇదే. ఆయన తన మెదడును మార్చుకోలేదు, పేపర్లు తిప్పే వరస మార్చుకున్నాడు.

మన దేశంలోనే జరిగిన ఇంకో ప్రయోగం ఉంది. రేమా హన్నా, లీ లిండెన్ 2012లో అచ్చు వేశారు. పేపర్ల పైన పిల్లల వయసు, ఆడా మగా, కులం అని రాసి, ఏ పేపరు మీద ఏది రాయాలో చీటీలు వేసినట్టు వేసి, టీచర్లతో దిద్దించారు. రాసిన జవాబుకూ పైన రాసిన కులానికీ ఏ సంబంధమూ లేదు. అయినా కింది కులం అని రాసిన పేపర్లకు కొంచెం తక్కువ పడ్డాయి. తేడా చిన్నదే, చూపుకు ఆనేంత కూడా కాదు. నన్ను ఆపింది ఇంకో సంగతి. ఆ తేడా ఎక్కువగా కింది కులాల టీచర్లు దిద్దిన వాటిలోనే వచ్చింది. ఈ మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మేము కూడా ఆ వైపు వాళ్ళమే. మా బాపు పంతులుగా ఉన్నప్పుడు మా వాడ పిల్లలనే ఎక్కువ కొట్టేవాడు. బాగుపడాలని కొడుతున్నా అనేవాడు. మంచి మనసు ఉంటే చాలు అనే మాట మీద నాకు నమ్మకం పోయింది అక్కడే.

"తెలిస్తే చాలు కదా, జాగ్రత్తపడతాం" అనేవాళ్ళకు ఎమిలీ ప్రోనిన్ వాళ్ళు 2002లో చూపినది చేదుగా ఉంటుంది. మనుషులు ఇటువంటి మొగ్గులు మిగతావాళ్ళలో ఎక్కువ, తమలో తక్కువ అని చెప్పారు. ఆ మొగ్గు ఏమిటో విడమరిచి చెప్పాక కూడా తమ అంచనా సరైనదే అన్నవాళ్ళే ఎక్కువ. నాలుగు వేసిన సారే పొరపడ్డారని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఈ పేరా రాస్తూ కూడా.

ఉద్దెర దుకాణం

మా తమ్ముడు పరకాల దిక్కు మా ఊళ్ళోనే పత్తి వేస్తాడు. రెండెకరాలు సొంతం, మూడు కౌలు. మొన్న జూన్‌లో మొదటి చినుకులకే గింజలు పెట్టాడు. తర్వాత పన్నెండు రోజులు ఎండ కాసింది. మొలక ఎండిపోయి మళ్ళీ పెట్టాడు. రెండోసారీ అదే దుకాణం, అదే గింజలు, దుకాణం ఆయన ఇచ్చినవే. నేను ఫోన్లో పాఠం మొదలుపెట్టాను: వానలు చూసుకోవాలె, నాలుగు దుకాణాలు తిరగాలె, ఆలోచించి తెచ్చుకోవాలె.

"పైసలున్నోనికి నాలుగు దుకాణాలక్కా. ఉద్దెరోనికి ఒక్కటే."

గింజలు ఆయన దగ్గరే ఉద్దెర, మందులూ ఆయన దగ్గరే, పత్తి తీశాక జోకేదీ ఆయన కాంటా మీదే. రేటు అడిగే ముచ్చటే లేదు. ఎంపిక చేసుకో అని నేను చెప్పేది ఒకే తలుపున్న ఇంట్లోని మనిషితో.

ఆనంది మణి, సెంథిల్ ముల్లయినాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో తమిళనాడు చెరుకు రైతుల మీద చేసిన పని ఇక్కడ గుర్తొస్తుంది. చెరుకు రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారి, కోత తర్వాత వస్తుంది. అదే రైతుకు కోత ముందు, కోత తర్వాత తెలివి పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు ఆడనప్పుడు అదే మనిషి తక్కువ చేశాడు. అప్పులు, వాయిదాలు, ఎవరికి ఏం చెప్పాలి అన్న లెక్కలు బుర్రలో సగం జాగా ఆక్రమిస్తాయని వాళ్ళ మాట. వాళ్ళ లెక్కల మీద పేచీలు వచ్చాయి, రెండోసారి పరీక్ష రాస్తే ఎవరికైనా బాగానే వస్తుంది కదా అనే అడ్డుప్రశ్న కూడా వచ్చింది. అవన్నీ పక్కన పెట్టినా, అప్పు ఇచ్చినాయన ఫోన్ ఎత్తాలా వద్దా అని చూస్తూ చూస్తూ గేదెకు నీళ్ళు పెట్టడం మరిచిపోయిన తమ్ముణ్ణి నేను చూశాను.

అయితే ఇక్కడే నా వాదన నాకు ఎదురు తిరిగింది. దసరాకు వచ్చినప్పుడు తమ్ముడితో "నీ తప్పేం లేదురా, నువ్వున్న తీరే అట్లుంది" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. వాడికి కోపం వచ్చింది.

"మరి ముందటేడు మంచిగ పండింది గద, అది గూడ నాది కాదా? పత్తిల కంది సాళ్ళు ఎవలు పెట్టమన్నరు? దుకాణపాయినెనా?"

కంది సాళ్ళు వాడి ఆలోచనే. పత్తి పోయినా ఇంటికి కందిపప్పు వచ్చింది. తప్పు తీసేసుకున్నప్పుడు గెలుపు కూడా చేతిలోంచి లాక్కున్నట్టే అయింది. "పాపం, వాళ్ళకు ఎంపిక ఎక్కడుంది" అని హన్మకొండలో ఫ్యాను కింద కూచుని రాయడంలో ఒక అవమానం ఉంది. వాడికి చెయ్యి ఆడే జాగా చిన్నది, కానీ ఆ జాగాలో వాడు నాకంటే గట్టిగా ఆలోచిస్తాడు. నాకు జాగా పెద్దది. వారానికోసారి పద్ధతి మార్చుకుని చూసినా నా జీతం పోదు. అందుకే లెక్క అడగాల్సి వస్తే ముందు నన్ను అడగాలి అంటున్నాను. లోకంలో జరిగేది తలకిందులు. ఎవరి చేతిలో జాగా ఎక్కువ ఉందో వాళ్ళే "చీఫ్ గారు అయిదారు నడుమ అన్నారు, నేనేం చేసేది" అంటారు. ఎవరికి తక్కువ ఉందో వాళ్ళను "నీ బుద్ధి ఏమైంది" అని అడుగుతారు.

నాకు నచ్చిన ప్రయోగాలు

ఫిజిక్స్ సార్‌కు ఇష్టమైన ఇంకో అధ్యయనం, ఆకలి మీదున్న జడ్జీలది. 2011లో అచ్చయింది. ఇజ్రాయెల్‌లో పెరోల్ అర్జీలు, 1,112 తీర్పులు. పొద్దున నూటికి 65 దాకా ఊ అన్న జడ్జీలు విరామం దగ్గర పడేసరికి సున్నా దాకా జారారట, తిని వచ్చాక మళ్ళీ 65. "లంచ్ ముందట మీ చేతుల పడ్డోని గాచారం మేడం" అని ఆయన రోజూ అంటాడు. నాకూ అది భలే నచ్చింది, క్లాసులో కూడా చెప్పాను. తర్వాత తెలిసింది, కేసుల వరస చీటీలు వేసినట్టు లేదని అదే ఏడు వేరేవాళ్ళు అడ్డం వచ్చారని. వకీలు లేని ఖైదీలవి విరామానికి ముందు చివర్లో వచ్చేవి. వకీలు లేనివాడికి ఎప్పుడైనా తక్కువే కదా దొరికేది.

ఇంకోటి. స్వేచ్ఛ అనేదే లేదు అని రాసినది చదివిస్తే మనుషులు ఎక్కువ మోసం చేస్తారని వోస్, స్కూలర్ 2008లో చెప్పారు. "అందుకే పిల్లలకు విధి గిధి చెప్పొద్దు" అని నేను చాలామందితో వాదించాను. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే అది నిలబడలేదు. 2015లో ఒక పెద్ద గుంపు సైకాలజీలో వంద అధ్యయనాలను మళ్ళీ చేసి చూసింది. మొదట వందలో 97 ఫలితం వచ్చిందన్నవే. రెండోసారి నూటికి 36.

అందుకని ఏదీ నమ్మొద్దా? అట్లా అనడం తేలిక, అది కూడా బద్ధకమే. నేను చేసిన తప్పు వేరే. నా వాదనకు పనికొచ్చే ప్రయోగం దొరికితే ఒక్కసారి చదివి చాలనుకున్నాను, ఫిజిక్స్ సార్‌కు పనికొచ్చేది దొరికితే లోపాలు వెతికాను. లిబెట్ మీద పడ్డ అడ్డుప్రశ్నలన్నీ నాకు నోటికి వచ్చు. హన్నా, లిండెన్ మీద ఏమైనా పడ్డాయా అని నేను ఇంతవరకూ వెతకలేదు.

చివరి రోజులు

నాలుగో రోజు నుంచి కానెమన్ పద్ధతి పట్టాను. చెప్పినంత తేలిక కాదు. మన పిల్లలు 15వ ప్రశ్న ముందు రాస్తారు, 2వది ఆఖరి పేజీలో రాస్తారు, నడుమ "వెనుక చూడుము" అని బాణం గీస్తారు. పదిహేను పేపర్లలో ఒకే ప్రశ్న వెతుక్కునే సరికి వేళ్ళకు సిరా, మెడకు నొప్పి. మార్కులు కంటికి కనబడొద్దని చీటీ మీద రాసుకుని చివర్లో ఎక్కించాను. ఆయన రాసింది అక్షరాలా నిజం. మొదటి జవాబుకు 8 పడ్డ పేపరుకే మూడోదానికి 3 పడింది. "ఇదేంది, మొదట మంచిగ రాసిండు గద" అని పిల్లవాడి మీద కోపం వచ్చింది నాకు. ఇన్నేళ్ళూ అటువంటి పేపర్లకు మూడోదానికి 6 వేసుకుంటూ పోయానన్నమాట.

"పేపరుకు పేపరు అయిపోగొట్టి టోటల్ వెయ్యుండ్రి మేడం, స్క్రూటినీ ఆగుతున్నది" అన్నారు చీఫ్ ఆ సాయంత్రం. ఆయన తప్పూ లేదు, ఆయనకు పైనుంచి లెక్క ఉంటుంది. జిరాక్సు పరీక్ష రోజూ ఐదు నిమిషాలు పెడదామా అని అడిగాను. టైం లేదన్నారు.

సరే, టీ దగ్గర మేమే పెట్టుకున్నాం. నాలుగు వేసిన సారే తన పాత క్లాసు టెస్టు జవాబు ఒకటి జిరాక్సు తీయించుకొచ్చారు. గవర్నర్ అధికారాలు, పదికి. ఈసారి గీతల్లేవు, రాత కోడి గీకినట్టుంది. ఐదుగురం వేసి బోర్లా పెట్టాం. ఫిజిక్స్ సార్ అంపైరు.

ఆ సార్ కాగితం తిప్పారు: 7. నాది 5.

అందరూ నా వైపు చూశారు. ఆ జవాబు ఐదుకే తగిందో, "ఎనిమిది మేడం" అనిపించుకోవద్దని వేశానో, కోడి గీతలు చూసి వేశానో, కాగితం చేతిలోనే ఉన్నా నాకు తెలియలేదు. "ఇప్పుడు చెప్పుండ్రి మేడం, ఎవలు వేసిండ్రు?" అన్నాడు ఫిజిక్స్ సార్. నేను ఇంకోసారి చదువుదామని కళ్ళజోడు తీసేసరికి బెల్లు కొట్టారు. గ్లాసులు అక్కడే పెట్టి, పోయి మధ్యాహ్నం పదిహేను తెరిచాం.